మాస్టర్ మంగరాజుకు బంగారు లేడి

మన ప్రభుత్వం సినిమా వాళ్లకు ఇచ్చే బహుమతి పేరు బంగారు లేడి. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి రామాయణం అసలు చదవలేదని కొందరు, మరీ బాగా చదివాడని కొందరు అంటారు. ఏటా ఉగాది నాడు ఇచ్చేవారు. ప్రమోదూత నామ సంవత్సరానికి మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఎవరో కోర్టుకెళ్లారంటారు, ఎలక్షన్లు వచ్చాయంటారు, లేళ్లు పోతపోసే కంసాలికి కామెర్లు వచ్చాయంటారు. ముప్పై ఏళ్లు దాటాక ఆ బాకీ తీర్చాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది.

ఆ పనికి వేసిన సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ని. బెజవాడ గాంధీనగరంలో పాతికేళ్లు సినిమా వారపత్రిక నడిపి, ఇక నడవనని అది మొరాయించాక ఇంట్లో కూర్చున్నవాణ్ని. ఉత్తరం రాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాను. చైర్మన్ గారు ఒకప్పుడు పేరున్న దర్శకుడు, ఇప్పుడు వినికిడి కాస్త మందం. మూడోవాడు ప్రణీత్ అనే కుర్రాడు, యూట్యూబులో సినిమాలను చీల్చి చెండాడుతుంటాడు. మా ముగ్గురి నెత్తిన ప్రత్యేకాధికారి దక్షిణామూర్తి గారు. మనిషి మంచివారే. నోరు తెరిస్తే మాత్రం జీవో చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లోనూ అంతేనని వాళ్లావిడ పేరంటాల్లో చెప్పుకుని కళ్లొత్తుకుంటుందట.

మొదటి సమావేశంలో ఆయన కళ్లజోడు సవరించుకుని చెప్పారు.

"పాత సంవత్సరపు పురస్కారమును కొత్త సంవత్సరపు కన్నులతో చూచుట ఆడిటు అభ్యంతరమునకు దారితీయును. కావున పురస్కార ప్రదానము ముగియువరకు ఈ కార్యాలయము ప్రమోదూత సంవత్సరములోనే యున్నట్లు భావించవలెను. దీనినే కాలసామ్య నిబంధన అందురు."

సరే, భావిద్దాం అన్నాం మేము. భావించడానికి ఖర్చేముంది అనుకున్నాం. మర్నాటికల్లా గోడ మీది కొత్త క్యాలెండరు పోయి, ఏ అటక మీద దొరికిందో, ఎరువుల కంపెనీ వాళ్ల పాత క్యాలెండరు వచ్చింది. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పారు. టైపు మిషను ఒకటి తెప్పించి మధ్యలో పెట్టారు గాని, అది కొట్టడం వచ్చినవాళ్లు ఆఫీసులో లేరు. సెల్‌ఫోన్లు ఆ ఏడు ఇంకా రాలేదు కాబట్టి గుమ్మం దగ్గర బుట్టలో వేసి లోపలికి రావాలి.

ప్రణీత్ దగ్గర చిక్కొచ్చింది. ఆ అబ్బాయి ఆ ఏడుకి ఇంకా పుట్టనే లేదు. దక్షిణామూర్తి గారు రెండు రోజులు ఆలోచించి, జన్మించని సభ్యుడు హాజరు కావచ్చును గాని మాట్లాడరాదని తేల్చారు. టీ ఇవ్వొచ్చా అనే ప్రశ్న కూడా వచ్చింది. పుట్టనివాడు టీ తాగినట్టు బిల్లు పెడితే ఆడిటు ఊరుకోదు గనక వీల్లేదన్నారు. మొదట్లో ఆ అబ్బాయికి ఉక్రోషం వచ్చింది గాని, తరవాత తరవాత బయట టీ తాగి వచ్చి హాయిగా కునుకు తీసేవాడు.

అసలు కష్టం చైర్మన్ గారిది. ఆ ఏటి సంగీత దర్శకుల మాట వచ్చినప్పుడు ఆయన ఒక పేరు చెప్పి, పాపం పోయాడు మహానుభావుడు, అన్నారు. దక్షిణామూర్తి గారు కలం ఎత్తి ఆపారు. ఆ మరణము ప్రమోదూత తరువాత సంభవించినది గనుక మనకు తెలియదు, వారు ప్రస్తుతము మద్రాసులో రికార్డింగులో యున్నట్లు భావించవలెను, అన్నారు. చైర్మన్ గారూ ఆ సంగీత దర్శకుడూ ఒకప్పుడు ఒకే గదిలో అద్దెకున్న స్నేహితులు. చైర్మన్ గారు, అయితే ఒకసారి ఫోన్ చేసి మాట్లాడొచ్చా అని అడిగారు. ట్రంకాల్ బుక్ చేయవలసి యుండునని అధికారి గారు తాపీగా చెప్పారు.

సినిమాలు చూసి కదా బహుమతులివ్వాలి. ఆ ఏడు సినిమా అంటే హాల్లో రీలు మీద ఆడేది. గాంధీనగరంలో ఆనాటి హాళ్లు కొన్ని బట్టల కొట్లయ్యాయి, కొన్ని కళ్యాణ మండపాలయ్యాయి. రీళ్లయితే ఎక్కడా లేవు. ఫోనులో అన్నీ దొరుకుతాయని ప్రణీత్ సైగ చేసి చూపించాడు. యూట్యూబు ఆ సంవత్సరంలో లేదు, ఉందని చెబుతున్న మనిషి అసలే లేడు. చివరికి దక్షిణామూర్తి గారే మార్గం కనిపెట్టారు. అప్పట్లో సినిమా హాళ్ల బయట అమ్మిన పాటల పుస్తకాలు ఎవరి పెట్టెలోంచో సంపాదించారు. మీకు గుర్తుండే ఉంటుంది, వాటిలో పాటలకు ముందు కథ కొంచెం చెప్పి, తక్కినది వెండితెరపై చూడండి అని ఆపేసేవారు. మేము ఆ పుస్తకాలు చదివి బహుమతులు నిర్ణయించాం. ఏ కథ చివర ఏమైందోనని మాకు ఎక్కువ బెంగ కలిగిందో దానికి ఉత్తమ కథ ఇచ్చాం. ఉత్తమ ఛాయాగ్రహణం మాత్రం అట్టమీది బొమ్మను బట్టి ఇచ్చాం.

విజేతల పేర్లు బయటికొచ్చాక అసలు తమాషా మొదలైంది. ఆ ఏటి ఉత్తమ నూతన నటుడు ఇప్పుడు హీరోయిన్లకు తాత వేషాలు వేస్తున్నాడు. తను నూతన నటుడని సర్కారే ఒప్పుకుందని, ఇక తాత వేషాలు వెయ్యనని నిర్మాతలకు కబురు పెట్టాడు. ఉత్తమ సహాయనటి పోయి చాలా కాలమైంది. వాళ్లమ్మాయి వచ్చి, అమ్మ తరఫున తను తీసుకుంటానంది. ప్రమోదూతలో ఆమె జీవించియున్నారు గనుక మరణానంతర పురస్కారము కుదరదని, స్వయముగా రానిచో గైర్హాజరు వేయబడునని, కూతురే తీసుకోవాలంటే తల్లి సంతకంతో అనుమతి పత్రం తెమ్మని చెప్పి పంపారు. ఆ పిల్ల వరండాలో కూర్చుని ఏడ్చి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది గాని, అది ఈ సంవత్సరపు మంట కాబట్టి మినిట్సులో ఎక్కలేదు.

ఉత్తమ బాలనటుడు మాస్టర్ మంగరాజు. సినిమా పేరు కావడి కుర్రాడు. కళ్లు లేని తల్లిని కావడిలో కూర్చోబెట్టి ఊరూరా మోసే పసివాడి కథ. ఆ సినిమా నేను హాల్లో చూశాను. తనకు ఆకలి లేదని అబద్ధమాడి ఆ పిల్లవాడు తల్లికి ముద్దలు కలిపి పెడుతుంటే చీకట్లో నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఆ తరవాత ఆ మంగరాజు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఆరా తీస్తే తెనాలి బస్సు డిపోలో అడగమన్నారు. మనిషిని వెతికే బాధ్యత నా మీద వేశారు.

తెనాలి బస్సెక్కి కండక్టరునే అడిగాను. నలభై దాటిన మనిషి. తలనిండా ఒత్తయిన జుట్టు, నడుం దాటిన జడ. చిన్నప్పుడు సినిమాల్లో వేసిన మంగరాజు గారు మీ డిపోలో పనిచేస్తారా అమ్మా అంటే, ఆవిడ టిక్కెట్ల మిషను మీద వేలు ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవురు చెప్పారు సార్ మీకు?" అంది. నేను సంగతి చెప్పాను. ఆవిడ పక్క సీటులో కూర్చుంది. "మంగరాజనేవోడు లేడు సార్. ఆడు నేనే. నా పేరు మంగతాయారు, తేలప్రోలు మంగతాయారు."

దుగ్గిరాల వచ్చేలోపు ఆమె కథంతా చెప్పింది. వాళ్ల నాన్న నాటకాల్లో తబలా వాయించేవాడు. పిల్ల చురుకైందని మద్రాసు తీసుకుపోయాడు. మగపిల్లల వేషాలకు ఆడపిల్లల్ని పెట్టడం అప్పట్లో వాడుకే. వాళ్లయితే చెప్పినట్టు వింటారు, రెండు దెబ్బలేసినా బయటికి చెప్పరు. కావడి మోసింది ఆడపిల్ల అని తెలిస్తే జనం నవ్వుతారని నిర్మాత తెరమీద మాస్టర్ మంగరాజు అని వేయించాడు. షూటింగు మొదలయ్యే ముందు జడ కత్తిరించారు.

"జుట్టేగా, పెరుగుద్దిలే అన్నాడు సార్ మా నాయన. చెవుల మీదకి వచ్చేటప్పటికి ఇంకో సినిమా వచ్చేది, మళ్లా కత్తెర. బళ్లో ఆడపిల్లలు పక్కన కూచోనిచ్చేవోళ్లు కాదు, మగపిల్లలు ఆటల్లో రానిచ్చేవోళ్లు కాదు. ఎదిగినాక వేషాలు పోయినై. అప్పుడు పెరిగింది ఈ జుట్టు. ఇంక దీని మీద కత్తెర పడనీలా." టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా అది నేనే అని చెబితే డిపోలో నవ్వుతారట. ఆడేమో మగపిల్లోడు, నువ్వేమో మంగతాయారువి, ఏం సంబంధం అంటారట. కట్టుకున్నవాడు కూడా నమ్మలేదు.

బహుమతి సంగతి ఎత్తితే ఆమె తల అడ్డంగా ఊపింది. "లేడి మీ దగ్గరే ఉంచుకోండి సార్. మైకులో ఒక్కసారి నా పేరు చెప్పమనండి, ఇట్టా ఆ పిల్లోడి వేషం వేసింది తేలప్రోలు మంగతాయారు అని. డిపో అంతా టీవీలో ఇనాల. అంతే."

దానిదేముందమ్మా, చెప్పిస్తాను అని మాటిచ్చాను. ప్రభుత్వం తరఫున మాటివ్వడం ఎంత తెలివితక్కువ పనో నా వయసువాడికి తెలిసి ఉండాలి.

దక్షిణామూర్తి గారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆమె ఇచ్చిన షూటింగు ఫోటో కూడా చూశారు. అందులో దాదాపు గుండులా కత్తిరించిన తలతో, కావడి భుజాన వేసుకుని, కెమెరా వంక కాకుండా కింద పడున్న జడ వంక చూస్తోంది పిల్ల. ఆయన ఫోటో నాకు తిరిగి ఇచ్చేశారు.

"మంగరాజు బాలిక అను విషయము మనకు ఇప్పుడు తెలిసినది. ప్రమోదూతలో తెలియదు. ప్రమోదూతలో తెలియనిది మనకు ఇప్పుడును తెలియదు. ప్రభుత్వము తెరమీది పేర్లను నమ్మును."

మరి ఆమె సంగతేమిటని అడిగాను. మంగరాజు మైనరు గనుక వెంట పెద్దవారు ఎవరో ఒకరు రావలసి యున్నది, ఆమె సంరక్షకురాలి హోదాలో రావచ్చును, అన్నారు. బస్సు ఖర్చులకు మంగరాజుకు అర టిక్కెట్టు, ఆమెకు నిండు టిక్కెట్టు మంజూరు చేశారు. ఆ కాగితం చూసి మంగతాయారు నవ్వింది. "నన్ను నేనే వెంటబెట్టుకు రావాలన్నమాట. ఇన్నేళ్ల సర్వీసులో ఇట్టాంటి టిక్కెట్టు కొట్టలా" అంది. అయినా వస్తానంది. అక్కడిదాకా వస్తే ఎవరో ఒకరు మైకులో పేరు చెప్పకపోతారా అని ఆశ.

సభ వినాయక చవితి వెళ్లిన నెలకి పెట్టారు. బంగారు లేళ్లు ఇచ్చేది ఉగాది నాడు కాబట్టి ఆ రోజే ఉగాది అని భావించాం. హాలుకు మామిడి తోరణాలు కట్టారు. వేపపువ్వు దొరికే కాలం కాదు గనుక పచ్చడిలో వేపాకు నూరి కలిపారు. మొదటి వరుసలో చాలామంది చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. సిద్ధాంతి గారు వేదికెక్కి ప్రమోదూత పంచాంగం చదివారు. ఈ సంవత్సరము తుపానులున్నవి, దేశమున ప్రభుత్వము మారును, బంగారము ధర పెరుగును అన్నారు. జన్మలో మొదటిసారి ఆయన చెప్పినవన్నీ జరిగి ఉన్నాయి, జనం చప్పట్లు కొట్టారు. ఆయన పొంగిపోయి మూడు దశాబ్దాల కిందటి వాన గురించి గొడుగు తెచ్చుకోమని కూడా హెచ్చరించారు.

నేను తెర వెనక ఉన్నాను. మంగతాయారు పట్టుచీర కట్టుకుని, జడలో మూరెడు మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. నా మాటేమైందని అడగలేదు. అడిగితే బాగుండేది. అక్కడ అద్దం ముందు కుర్చీలో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుంటాయి, టీవీ సీరియళ్లలో వేస్తుందట, పేరు సంహిత. ఆ పిల్ల పొడుగు జడను మేకప్ అతను చేతిలో పట్టుకుని ఉన్నాడు. రెండో చేతిలో కత్తెర ఉంది.

సంగతేమిటని దక్షిణామూర్తి గారిని అడిగాను. మంత్రి గారు బాలనటుణ్ని ఎత్తుకుని ఫోటో దిగుటకు ఇష్టపడుచున్నారని, నలభై నాలుగేళ్ల మనిషిని ఎత్తుకోవడం ఆయన నడుముకు మంచిది కాదని, కావున మంగరాజు స్థానములో ప్రతినిధిని ఏర్పాటు చేయడమైనదని చెప్పారు. మగపిల్లలందరూ షూటింగుల్లో ఉన్నారట. ఆడపిల్ల కదా అన్నాను. ఆయన గొంతు తగ్గించారు.

"ఆడపిల్లకు జుట్టు కత్తిరించి మగపిల్లవానిగా చూపుటకు ఈ పురస్కారములోనే పూర్వోదాహరణ యున్నదట. ఆ విషయము నాకు తెలియదు. కాని యున్నదట."

విగ్గు పెట్టొచ్చు కదా అంటే, విగ్గుకు మూడు కొటేషన్లు కావాలని, కత్తెర ఆఫీసులోదేనని చెప్పారు. పిల్ల ఏడవడం లేదు. రెండు చేతులతో కుర్చీ గట్టిగా పట్టుకుని అద్దంలోకి చూస్తోంది. పక్కన వాళ్లమ్మ నిలబడి ఉంది. సినిమా ఛాన్సు ఇప్పిస్తామన్నారండి, అని నాతో చెప్పి, పిల్ల వైపు తిరిగింది.

"జుట్టే కదమ్మా, పెరుగుతుందిలే" అంది.

మంగతాయారు ఆ మాట విని కుర్చీ దగ్గరికి నడిచింది. నేను ఆమె మొహం చూశాను. ఆ తరవాత ఏం జరిగిందో నాకు సరిగ్గా కనిపించలేదు గాని, కత్తెర మేకప్ అతని చేతిలోంచి ఆమె చేతి సంచిలోకి వెళ్లింది. రద్దీ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను ఆపే గొంతు ఆమెది. పెద్దగా అరవక్కర్లేదు.

"ఎక్కడోళ్లు అక్కడ ఆగండి. మంగరాజు రాలేదని రాసుకోండి."

ప్రభుత్వ కార్యక్రమమునకు ఆటంకము కలిగించుటకు తమరెవరు, అని దక్షిణామూర్తి గారు అడిగారు. మంగతాయారు నిటారుగా నిలబడి పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆయన జేబులోంచి కలం తీసి రాసుకున్నారు. ఆమె సంహిత చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి దింపి, వాళ్లమ్మను కూడా రమ్మంది. ముగ్గురూ వెళ్లి హాల్లో వెనక వరుసలో కూర్చున్నారు.

వేదిక మీద మాస్టర్ మంగరాజు అని పిలిచారు. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచారు. మంత్రి గారు ఒక చేతిలో లేడితోనే, పిల్లవాణ్ని ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాపుకుని నిలబడి ఉన్నారు. ఫోటోగ్రాఫర్లు ఆ భంగిమలోనే కొట్టుకున్నారు. చివరికి దక్షిణామూర్తి గారే పైకి వెళ్లి, మంగరాజు వచ్చువరకు లేడి కార్యాలయ భద్రతలో ఉంచబడునని చెప్పి, మంత్రి గారి చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. అప్పుడు పుట్టని ప్రణీత్ లేచి, ఇంతకీ ఆ వేషం వేసిందెవరు సార్ అని గట్టిగా అడిగాడు. మాకు వినపడలేదని మినిట్సులో ఉంది.

మర్నాడు పేపర్లన్నింటిలో మాస్టర్ మంగరాజు ముద్దుముద్దుగా కృతజ్ఞతలు చెప్పాడనీ, బాగా చదువుకుని కలెక్టరు అవుతానన్నాడనీ వచ్చింది. ఆ పత్రికా ప్రకటన సభకు ముందే తయారై ఉంది.

నాకు మనసు బాగాలేదు. మాటిచ్చి తప్పాను. తెనాలి వెళ్లి మొహం చూపించడానికి సిగ్గేసి కొన్నాళ్లు ఊరుకున్నాను. ఇంతలో ఆమే ఫోన్ చేసి, ఒక నోటీసు వచ్చింది, వచ్చి చూడండి సార్ అంది. ఉద్యోగానికి ఎసరొచ్చిందేమోనని పరుగున వెళ్లాను. డిపో విశ్రాంతి గదిలో కండక్టర్లూ డ్రైవర్లూ ఆమె చుట్టూ మూగి ఉన్నారు. ఆమె కాగితం నాకిచ్చి, గట్టిగా చదవమంది.

"ప్రమోదూత నామ సంవత్సరపు ఉత్తమ బాలనటుడు మాస్టర్ మంగరాజు, 'కావడి కుర్రాడు' చిత్రమునకు గాను తనకు రావలసిన బంగారు లేడిని స్వీకరింపకుండ, తేలప్రోలు మంగతాయారు అను మహిళ అడ్డుపడియున్నది. సదరు మంగరాజుతో ఆమెకు గల సంబంధము ఏమో తెలియజేయవలెను."

కింద గుండ్రటి ముద్ర, దక్షిణామూర్తి గారి సంతకం, డిపో మేనేజరుకు ప్రతి. చదవడం అయ్యాక గదిలో ఎవరూ నవ్వలేదు. ఒక పెద్ద డ్రైవరు, అయితే ఆడు నిజంగా నువ్వేనామ్మే, అన్నాడు.

భయపడకమ్మా, దీనికి జవాబు నేను రాసిస్తాను, అన్నాను. నిబంధన ప్రకారం ఆమెకిప్పుడు తొమ్మిదేళ్లే, మైనరుకు నోటీసు చెల్లదని రాస్తే దక్షిణామూర్తి గారు మారుమాటాడకుండా రద్దు చేసేస్తారని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంగతాయారు కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"వద్దు సార్. జవాబిస్తే దీన్ని రద్దు చేస్తారు. ముప్పై ఏళ్లకి ఆడూ నేనూ ఒక కాయితం మీద కలిశాం, సర్కారు ముద్రతో. మెమో ఇస్తే ఇయ్యనీండి" అంది.

మరుసటి వారం వెళ్లేసరికి ఆ నోటీసుకు అద్దం కట్టించి, విశ్రాంతి గది గోడకు షూటింగు ఫోటో పక్కన తగిలించింది. లేడి ఇంకా ఆఫీసులోనే ఉంది. మాస్టర్ మంగరాజు ఎప్పుడొచ్చి అడిగినా ఇవ్వడానికి వీలుగా దక్షిణామూర్తి గారు రోజూ దాన్ని తుడిపిస్తున్నారు.